మా సార్ వెతికిన సిపాయి

మొన్న మంగళవారం పొద్దున పదిన్నరకు, ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు పాఠం చెబుతుండగా ఆదోని నుంచి ఫోన్ వచ్చింది. మా సార్ పోయారు. సార్ కోడలు ఏడవకుండా, వరసగా చెప్పింది: పొద్దున లేచినారు, నీళ్లు పోసుకున్నారు, ఉగ్గాని తిన్నారు, పేపర్ చదువుతా చదువుతా కుర్చీలోనే ఒరిగిపోయినారు. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు వచ్చిన మొదటి ఆలోచన సార్ గురించి కాదు. ‘దేవుడా, తమ్ముడికి ఎట్లా చెప్పేది?’ అని. చాక్‌పీసు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. పిల్లలు నా మొహం చూసి గుసగుసలు ఆపేశారు.

మా తమ్ముడు పటాళంలో ఉన్నాడు. సరిహద్దు కొండల మీదికి రేషన్ లారీ తోలుతాడు. మాకు వారానికోసారి ఫోన్ చేస్తాడు. ‘తిన్నావా’ అంటే ‘తిన్నా’ అంటాడు, ‘చలిగా ఉందా’ అంటే ‘ఉంది’ అంటాడు, అంతే. కడుపులో మాట చెప్పుకోవడానికి వాడికి ఉన్నది ఒక్క మనిషి, మా సార్. ఇప్పుడు ఆ మనిషి లేరు. వాడు ఆ మాటలన్నీ ఎవరికి చెప్పుకుంటాడు? చెప్పుకోకపోతే ఏమైపోతాడు? మంగళవారం నుంచి ఇదే నా గుండెల్లో రాయి. సార్‌ను తలుచుకుంటూ రాయమని పత్రికవాళ్లు అడిగారు, కూర్చున్నాను. మధ్యమధ్యలో తడబడితే మన్నించండి.

సార్ ఆదోనిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మాది ఎమ్మిగనూరు. ఎనిమిదేళ్ల కిందట నేను పరిశోధనకు చేరినప్పుడు, యుద్ధాల కథల్లో సిపాయిల గురించి రాస్తానన్నాను. ఏ దేశపు కథ తీసుకున్నా అవే ఐదారు రకాల సిపాయిలు ఎందుకు కనబడతారు, మనిషి మనసులో పుట్టుకతోనే ఏవో బొమ్మలు ఉండి, అవే కథల్లోకి దిగుతాయా అనేది నా ప్రశ్న. ‘మూలరూపాలు’ అని పెద్ద పేరు పెట్టుకున్నాను. యూనివర్సిటీలో మా గైడు నవ్వి, “ఆదోనిలో ఒకాయన ఉన్నాడు, సిపాయి కథ తప్ప ఇంకోటి చదవడు, పోయి పట్టుకో” అన్నారు.

పత్తి మార్కెట్ వెనక సందులో ఇల్లు. తలుపు కొడితే కిటికీ రెక్క ఒకటి కొంచెం తెరుచుకుంది.

“నీ ఎనక కుక్క ఏమన్నా వచ్చినాదా పాపా?”

“లేదు సార్.”

“బాగా సూడు. ఒక్కోసారి బండి కింద పండుకోనుంటాది.”

వంగి, వాకిట్లో నిలిపి ఉన్న పత్తి బండి కింద చూసి, లేదని ఒట్టు వేస్తే గానీ తలుపు తీయలేదు. యాభై ఏళ్లుగా ఫిరంగుల మధ్య, బాంబుల మధ్య చదువుకుంటూ బతికిన మనిషికి వీధికుక్క అంటే ప్రాణభయం! తర్వాత తర్వాత మా ఇంటికి వచ్చినా అంతే. మా సందు మొదట్లో నిలబడి ఫోన్ చేసేవారు. “మీ నల్లది ఈడ్నే ఉండాది. వచ్చి అడ్డం నిలబడు.” డెబ్భై ఏళ్ల మనిషిని నేను చెయ్యి పట్టుకుని దాటించేదాన్ని. సందులో మగ్గాల వాళ్లంతా చూసి నవ్వేవాళ్లు, సార్ కూడా నవ్వేవారు, కానీ నా చెయ్యి మాత్రం వదిలేవారు కాదు.

సార్ చదివే తీరే వేరు. పెళ్లి పత్రికల వెనక తెల్లగా ఉండే అట్టను చీటీలుగా కత్తిరించుకునేవారు. చదివిన ప్రతి కథలోని సిపాయికి ఒక చీటీ. వాడు ఏం తిన్నాడు, ఎవరిని తలుచుకున్నాడు, ఎప్పుడు భయపడ్డాడు, ఎట్లా పోయాడు, అన్నీ చీమల బారులాంటి అక్షరాలతో రాసేవారు. చీటీలు బిస్కెట్ డబ్బాల్లో ఉండేవి. వాటిని వరండాలో నేల మీద పరిచి నాకు పాఠం చెప్పేవారు. మే నెల ఆదోని ఎండ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు తెలుసు. అయినా ఫ్యాన్ వేయనిచ్చేవారు కాదు. “ఫ్యాన్ ఏస్తే సిపాయిలు లేసిపోతారు” అనేవారు. నేను చెమటలు కారుస్తూ రాసుకునేదాన్ని.

నేల మీద కుప్పలు కుప్పలుగా ఉండేవి. ఒక కుప్ప వీరుడిది. ఒకటి మీసం కూడా సరిగా రాని పసివాడిది, వాడు కథ సగం కాకముందే పోతాడు. ఒకటి తండ్రిలాంటి ముసలి హవల్దారుది. ఒకటి అందరినీ నవ్వించేవాడిది. ఒకటి అచ్చం మన సిపాయిలాగే ఉండే శత్రువుది. చివరిది, ఇంటికి తిరిగి వచ్చినా మనసు అక్కడే వదిలేసిన వాడిది.

“పసివాడు ఏంటికి సస్తాడు, సెప్పు?” అని అడిగారు ఒకరోజు.

“యుద్ధం ఎంత ఘోరమో చూపించడానికి సార్.”

“అది పరీక్షలో రాసే మాట. మనలోని పసితనాన్ని మనమే ఎప్పుడో గమ్మున పాతిపెట్టినాము పాపా. ఆ పొద్దు ఏడ్సల్యా. ఆ ఏడుపు ఏడ్సేదానికి మనకొక పిల్లోడు కావాల. అందుకని కథలో వాణ్ని పంపిస్తాము.” పక్క కుప్పలోంచి ఇంకో చీటీ తీశారు. “నవ్వించేటోడు ఉండాడే, వాడు మన భయం. భయానికి నోరొస్తే అట్ల మాట్లాడతాది. శత్రువు మొగంలో మనం దాపెట్టుకున్న కోపమే కనబడతాది. ఏ బొమ్మా ఊరికే పుట్టల్యా. ఎవురికో అక్కరుండి పుట్టింది.”

నాకు అదంతా మహా ఇష్టంగా ఉండేది. ఏడాది తిరిగేసరికి రెండు పేజీలు చదివి, ఈ కథలో పోయేది ఫలానావాడు అని చెప్పేసేదాన్ని. తప్పేది కాదు. సార్ మెచ్చుకుంటారనుకుంటే ఆయనకు ఒళ్లు మండింది. “బొమ్మ తెలిసినంక మనిషిని ఇంగోసారి సూడల్ల. ల్యాకపోతే నువ్వు సదివేది కథ కాదు, రేషన్ కార్డు” అన్నారు. ఇంకో మాట కూడా తరచూ అనేవారు: “సిపాయికి ఆకలి కాని కథను నమ్మొద్దు.” నేను నోట్సులో రాసుకునేదాన్ని తప్ప మనసుకు ఎక్కించుకోలేదు. నా మొహం, ఆ వయసులో నాకు అన్నీ తెలుసు కదా.

నా పరిశోధన నడుస్తుండగానే తమ్ముడు పటాళంలో చేరాడు. మూడేళ్ల తర్వాత సరిహద్దులో గొడవలు మొదలయ్యాయి. టీవీల్లో అరుపులు. తమ్ముడి ఫోన్ మూగబోయింది. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. అమ్మ ఫోన్‌ను కొంగున కట్టుకుని తిరిగేది. నాకు అన్నం దిగేది కాదు. ఆ భయం తట్టుకోలేక ఒక కథ రాశాను. రాసేస్తే భయం కాగితం మీదికి పోయి నన్ను వదిలిపెడుతుందనుకున్నాను.

కథలో సిపాయి ఎమ్మిగనూరు మగ్గాల సందులో పుట్టినవాడు. ఇంట్లో వాడిని ‘చిన్నోడా’ అంటారు, మా తమ్ముడిని అన్నట్టే. వాడి అమ్మ జొన్నరొట్టె తట్టేటప్పుడు పాట పాడుతుంది, మా అమ్మ పాడినట్టే. చివర్లో ఇద్దరు జవాన్లు వాడి పెట్టె మోసుకుని సందులోకి వస్తారు. రాసిందాన్ని ఆదోని పట్టుకెళ్లి సార్‌కు చూపించాను. ఆయన మొత్తం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఈ పిల్లోడు సచ్చేది ఏంటికి?”

“కథ అట్లా వచ్చింది సార్.”

“రాల్యా. నీకు కథ ముగిచ్చేది తెల్దు, అందుకని సంపినావు. పెట్టె ఎత్తుకోనొచ్చే ఇద్దరినీ నేను యాభై సార్లు సూసినా. నీ తమ్ముని పేరు ఏంటికి పెడితివి? కొన్నాళ్లు ఇంట్లోనే పెట్టు పాపా. బయటికి పంపొద్దు.”

నాకు కోపం వచ్చింది. ఈయన జీవితమంతా చీటీలు రాశారే తప్ప ఒక్క కథ రాశారా అనుకున్నాను. బస్సెక్కి ఇంటికి వచ్చి, ఆ సాయంత్రమే పత్రికకు పంపించేశాను. మూడో ఆదివారం అచ్చయింది. ఈ మధ్యలో తమ్ముడి ఫోన్ ఒకట్రెండు సార్లు కలిసి, మళ్లీ మూగబోయింది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. చావు కబురు చెవిన పడితే ‘నిజమేనా’ అని ఫోన్ చేసి అడగరు. నిజం కాకపోతే మన నోటితో మనమే చావును పిలిచినట్టు. నిజమైతే ఏడుపులో ఉన్నవాళ్ల చేత ఆ మాట ఇంకోసారి పలికించినట్టు. అందుకని ఏమీ అడగకుండా బయల్దేరి వచ్చేస్తారు. చావింట్లో పొయ్యి వెలగదు కాబట్టి అన్నం వండుకుని మరీ వస్తారు.

సి.బెళగల్ పక్కన మా పిన్ని వాళ్ల ఊళ్లో, అంగడి దగ్గర ఎవరో నా కథను పైకి చదివారు. మగ్గాల సందు, చిన్నోడు, రొట్టె తట్టే అమ్మ, పెట్టె. కింద నా పేరు. అక్కే రాసిందంటే ఇంకేం అనుమానం! ఆ ఆదివారమే పదకొండింటికల్లా ఆటోలో మా పిన్ని, పిన్ని అత్తగారు, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు దిగారు. పిన్ని చంకలో అన్నం గిన్నె, దాని మీద గుడ్డ. అమ్మ రొట్టె తడుతోంది. పిన్ని గిన్నె కిందపెట్టి అమ్మను పట్టుకుని, “అక్కా, మన చిన్నోడు పోయినాడే, పేపర్లో ఏసినారే” అని గొల్లుమంది.

అమ్మ ఏడవలేదు. పిండి చేతులతో అన్నం గిన్నె వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. “అది కథ పిన్నీ! నేను కల్పించిన కథ!” అని అరిచాను. ఎవరు వింటారు? సందులో మగ్గాలన్నీ ఆగిపోయాయి, జనం నిండిపోయారు. “పాపం, పిల్లకు మతి చెదిరినాది” అన్నారు నన్ను చూసి. తమ్ముడికి ఫోన్ కలిపాను. స్విచ్ఛాఫ్. ఇంకోసారి కలిపాను. అప్పుడు నాకే, రాసినదాన్ని నాకే, ఏమో అనిపించింది. గోడకు ఆనుకున్నాను.

సార్‌కు ఫోన్ చేసి ఏం చెప్పానో నాకే గుర్తులేదు. రెండింటికల్లా ఆయన మా గడపలో ఉన్నారు. సందు మొదట్లో మా నల్లకుక్క ఎప్పటిలాగే పడుకుని ఉంది. ఆ రోజు ఆయన నాకు ఫోన్ చేయలేదు. ఎట్లా దాటి వచ్చారో నేను అడగలేదు.

సార్‌ను చూడగానే అమ్మకు అప్పటిదాకా రాని గొంతు వచ్చింది. “మీ సదువులు పాడుగాను! నా కొడుకును పేపర్లో సంపించినారే సార్! మీ ఇంట్లో బిడ్డల్యారా?”

సార్ అంతమంది ముందర చేతులు జోడించారు. “తప్పు నాదే తల్లీ. మొదలు సదివినోణ్ని నేను. ఆపల్యాకపోయినా.”

ఆయన ఆపారు. వినంది నేను. ఆ మాట ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.  అమ్మకు నిజం చెప్పింది మొన్న మంగళవారం, సార్ పోయాక. “ఇన్నేండ్లు ఆ మారాజును తిట్టుకున్నా గదనే” అని అమ్మ తల కొట్టుకుంది.

ఆ రోజు సార్ చేసిన పని ఇంకొకటి ఉంది. అమ్మ ముందర నేల మీద కూర్చుని, “పొయ్యి ముట్టించు తల్లీ” అన్నారు. “మీ చెల్లెలు తెచ్చిన అన్నం వాళ్లూరికే తీస్కపోనీ. సావు జరగని ఇంట్లో పొయ్యి ఆరగూడదు. నాకు ఆకలైతాంది, రెండు రొట్టెలు కాల్చు.” అమ్మ చేతుల మీద ఎండిన పిండిని గీకి దులుపుకుంది. తర్వాత లేచింది. రొట్టె పెనం మీద రెండు ముక్కలైంది. ఆ ముక్కలే సార్ ఎర్రకారం నంజుకుని అందరి ముందర తిన్నారు. జనం ఒక్కొక్కరే లేచి పోయారు. పిన్ని గిన్నె ఎత్తుకుని, “తప్పైపోయినాది అక్కా” అంటూ ఏడ్చుకుంటూ ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున బస్సుకు సార్ మళ్లీ వచ్చారు. సాయంత్రం బస్సుకు వెళ్లారు. ఆ మర్నాడూ అంతే. అమ్మ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు, రొట్టెలు మాత్రం పెట్టింది. ఫోన్ చాప మధ్యలో ఉండేది. దాని చుట్టూ మేం ముగ్గురం కూర్చునేవాళ్లం. మూడో రోజు పదకొండింటికి తెలియని నంబరు ఒకటి మోగింది. “సిగ్నల్ ల్యాకుండె అమ్మా. ఏంటికి ఏడుస్తాండావు?” సార్ లేచి బయటికి వెళ్లి, వీధి అరుగు మీద వెనక్కి తిరిగి కూర్చున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను పిలవలేదు.

ఆ తర్వాత సెలవుకు తమ్ముడు వచ్చాడు. బస్టాండు దగ్గర కుర్రాళ్లు ఫ్లెక్సీ కట్టారు. తమ్ముడి మొహాన్ని తుపాకీ పట్టుకున్న ఎవరి ఒంటికో అతికించారు, వెనకాల మంటలు. తమ్ముడు దాని కింద నిలబడి ఎవరినో చూసినట్టు చూశాడు. ఇంటికి వచ్చాక ఒక్కటే ప్రశ్న అందరిదీ. “ఎంతమందిని ఏసినావప్పా?” వాడు నవ్వేసి ఊరుకునేవాడు. నా కథ కూడా చదివాడు. చదివి మడిచి ఇచ్చేస్తూ, “దీంట్లో నేను యాడా ల్యానే అక్కా” అన్నాడు. పగలంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. గ్యాస్ బండ తెచ్చే లారీ హారన్ కొడితే ఉలిక్కిపడి లేచేవాడు. అమ్మ నన్ను పక్కకు పిలిచి, “వీడు వచ్చినాడు గానీ వాడు రాల్యా పాపా” అంది. సార్ డబ్బాలోని చివరి కుప్ప నాకు గుర్తొచ్చింది.

సార్ వచ్చారు. తుపాకీల మాట ఎత్తలేదు, దేశం మాట ఎత్తలేదు. తమ్ముడి పక్కన కూర్చుని, “పాదాలు ఎట్లుండాయప్పా? సలికి పగులుతాయా?” అని అడిగారు. తమ్ముడు సాక్సు తీసి చూపించాడు. “మంచులో బండి చక్రాలకు గొలుసులు మీరే కట్టుకుంటారా? చేతులకు గ్లౌజులు ఉంటే నట్టు తిరగదు గదా, ఎట్ల చేస్తారు?” తమ్ముడు తలెత్తి ఆయన మొహం చూశాడు. పది రోజుల తర్వాత వాడి నోట్లోంచి రెండు ముక్కలకు మించిన మాట అప్పుడు వచ్చింది. మర్నాటి నుంచి వాడే ఆదోని బస్సెక్కేవాడు. పొద్దున పోతే సాయంత్రం వచ్చేవాడు. రాత్రి పెరుగన్నం అడిగి వేయించుకున్నాడని అమ్మ మురిసిపోయింది.

వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలీదు. ఒకసారి ఉండబట్టలేక సార్‌ను అడిగాను.

“నీకు సెప్పను.”

“నేను అక్కను సార్!”

“అక్కవే. నీకు సెప్తే నువ్వు రాస్తావు.”

ఆ మాట చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. ఆదోనిలో బస్సెక్కితే ఎమ్మిగనూరు వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. నెల రోజులు సార్ ఇంటికి పోలేదు. ఆయనే ఫోన్ చేశారు. నమస్కారాలూ పలకరింపులూ ఆయనకు అలవాటు లేదు, ఎప్పుడూ మాట మధ్యలోంచి మొదలుపెట్టేవారు. “మా నాయన కంచరగాడిదలు తోలినాడు పాపా” అన్నారు.

అప్పుడు చెప్పారు. సార్ వాళ్ల నాయన కూడా పటాళంలో పనిచేశాడు. తుపాకీ పేల్చినవాడు కాదు. కంచరగాడిదల మీద బియ్యం, కిరసనాయిలు వేసి కొండలెక్కించేవాడు. తిరిగి వచ్చాక పత్తి మార్కెట్లో మూటలు మోశాడు. జెండా పండుగకు ఎవరో పిలిచి దండ వేసి, యుద్ధం గురించి చెప్పమంటే, మైకు ముందర నిలబడి తాను తోలిన గాడిదల పేర్లు వరసగా చెప్పి, ఏడ్చి దిగిపోయాడట. జనం నవ్వారు. చిన్నవాడైన సార్ కూడా సిగ్గుపడి నవ్వారు. “ఆ పొద్దు నుంచి మా నాయన నాతో యుద్ధం మాట తీయల్యా. నేను అడగల్యా. ఆయన పోయినంక ఆయన ఎవురో తెలుసుకోవల్లని సదివేది పట్టుకున్నా. యాభై ఏండ్లు సదివినా పాపా, ఏ కుప్పలోనూ మా నాయన ల్యాడు. ఇప్పుడు మీ తమ్ముడొచ్చి మాట్లాడతాంటే మా నాయన మాట్లాడినట్లుంది. దాన్ని నేను చీటీ మీద రాయను. నువ్వూ అడగొద్దు.”

నేను సరే సార్ అన్నాను. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

తమ్ముడు తిరిగి కొండల మీదికి వెళ్లాక ఆదివారాలు మధ్యాహ్నం సార్‌కు ఫోన్ చేసేవాడు. అప్పుడు సార్ గోడ వైపు తిరిగి కూర్చునేవారని కోడలు చెప్పింది. ‘ఊఁ, ఊఁ’ అనడం తప్ప ఆయన మాట వినపడేది కాదట. పోయిన నెల తమ్ముడు నాతో, “సార్‌కు ఒక మాట సెప్పాల అక్కా. ఫోన్లో కాదు. సెలవు దొరికితే వచ్చి సెప్తా” అన్నాడు. వాడి గొంతు అదోలా ఉంది. ఏమైందిరా అంటే, ఏం ల్యా అన్నాడు. ఆ ‘ఏం ల్యా’ నా చెవుల్లో అప్పటినుంచి తిరుగుతూనే ఉంది. అంతలోనే మంగళవారం వచ్చింది.

బుధవారం కాటికి తీసుకుపోయాక సార్ కోడలు డబ్బాలు నా ముందర పెట్టి, “ఇవి నువ్వే తీస్కపో అక్కా, మాకు తెల్దు” అంది. అక్కడే కూర్చుని అన్నీ తిరగేశాను. తమ్ముడి గురించి ఒక్క చీటీ అయినా ఉంటుందేమో, వాడి కడుపులో ఏముందో తెలుస్తుందేమో అని. ఎంత సిగ్గుమాలిన పనో నాకు తెలుసు, అయినా వెతికాను. లేదు. ఆ మనిషి అన్నంత పనీ చేశారు. వాడిని ఏ చీటీ మీదా రాయలేదు.

గురువారం తమ్ముడి ఫోన్. “సార్ ఎట్లుండాడక్కా? ఆదివారం సిగ్నల్ ల్యాకుండె, మంగళవారం చేస్తే ఎత్తల్యా.” అమ్మ ఎదురుగా నిలబడి వద్దు వద్దని చేతులు ఊపుతోంది. కొండ అంచున బండి తోలేవాడికి ఇట్లాంటి కబురు చెబుతారా అని ఆమె భయం. నాకూ అదే భయం. “బాగుండాడు. ఫోన్ చెడిపోయినాదంట” అన్నాను. మరీ సులువుగా వచ్చేసింది అబద్ధం.

ఇక్కడిదాకా ఈ ఆదివారం పొద్దున రాశాను. రాసి, కలం మూసి, ఇక పంపించేద్దాం అనుకున్నాను. అప్పుడు తట్టింది. ఇది అచ్చయితే తమ్ముడి దోస్తు ఎవడో ఫోన్లో చూసి వాడికి చూపిస్తాడు. సార్ పోయారని వాడు పేపర్లో చదువుతాడు. ఒకసారి ఈ ఇంటికి నా చేతులతో నేను చేసిందే మళ్లీ చేయబోతున్నాను! కాగితాలు పక్కన పెట్టేశాను. మధ్యాహ్నం ఒంటిగంటకు, సార్‌తో మాట్లాడే వేళకు వాడికి తీరిక ఉంటుందని తెలిసి, నేనే ఫోన్ చేశాను. అమ్మ వంటింట్లో అంట్లు తోముతోంది.

“బండి మీద ఉండావా?”

“ల్యా, క్యాంపులో. ఏమక్కా?”

“సార్ పోయినార్రా. మంగళవారం.”

అటునుంచి గాలి కొడుతున్న మోత ఒక్కటే.

“మొన్న బాగుండాడంటివే.”

“అబద్ధం చెప్పినా. భయపడి చెప్పినా. తప్పు నాది.”

 లైను తెగిపోయిందేమోనని ఫోన్ తీసి చూశాను. సెకన్లు నడుస్తున్నాయి. ఏదో ఒకటి అనాలని, ధైర్యంగా ఉండమని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. గడప మీద కూర్చుండిపోయాను.

“అక్కా, ఉండావా?”

“ఉండా.”

“నీకు పని ఏమన్నా ఉండాదా?”

“ఏం ల్యా.”

వాడు “పోయిన నెల ఒక పొద్దు...” అని మొదలుపెట్టాడు. ఒకచోట ఆగిపోయాడు. నేను కదిలించలేదు. కొంచెంసేపటికి మళ్లీ చెప్పాడు. నా చెవి కాలిపోతోంది, ఫోన్ ఇటు నుంచి అటు మార్చుకున్నాను. వాడు ఏం చెప్పాడన్నది ఇక్కడ రాయను, ఎక్కడా రాయను. అమ్మ తడి చేతులతో వచ్చి నా మొహం చూసి ‘ఏమంట?’ అని కళ్లతోనే అడిగింది. జరిగి చోటిచ్చాను. వచ్చి నా పక్కన కూర్చుని, ఫోన్‌కు అటువైపు తన చెవి ఆనించింది. దాచాలనిపించలేదు నాకు.

“ఒరే, అమ్మ వచ్చి కూసున్నాది. ఇంటాంది” అన్నాను.

వాడు ఆగాడు. 

“ఉండనీలే అక్కా” అన్నాడు తమ్ముడు. ఆపిన చోటి నుంచి మళ్లీ చెప్పసాగాడు.